స్మోకర్స్ లంగ్ ప్యాకేజీ: స్కాన్‌కు ఐదు స్టార్లు, ఫోన్‌కు ఒకటి

పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తులకని స్కాన్, ఊపిరి పరీక్ష, రక్త పరీక్షలు కలిపి అమ్మే ప్యాకేజీ ఇది. మొత్తం మీద మూడు స్టార్లు. స్కాన్ తీసిన అబ్బాయికి, ఊపిరి పరీక్ష చేసిన అమ్మాయికి ఐదేసి ఇస్తాను. రిపోర్టు వచ్చాక ఆ రిపోర్టు పట్టుకుని వాళ్లు నాతో నడిపిన వ్యవహారానికి ఒకటి, అదీ అంతకన్నా తక్కువ ఇచ్చే వీలు లేక. సెంటర్ పేరు రాయను. మా నల్లకుంట నుంచి ఆటోలో పోయేంత దూరం, అంతవరకు చాలు. యాభై దాటిన పొగరాయుళ్లు, లేదా వాళ్ల పిల్లలు, ఇలాంటి ప్యాకేజీ కొనేముందు చదువుకోవడానికి రాస్తున్నాను.

నా వయసు 67. ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేసి రిటైరయ్యాను. ఇరవయ్యో ఏట ముట్టించిన చార్మినార్, రాత్రి డ్యూటీల పుణ్యమా అని రోజుకు పదిహేను దాకా పాకింది. రిటైరయ్యే వరకూ అదే లెక్క. ఆ సిగరెట్టు పుట్టిల్లు అజామాబాద్, మా ఇంటి నుంచి నడిచిపోవచ్చు, కాబట్టి స్వదేశీ అభిమానం అనుకోండి. ఆ తర్వాత రోజుకు నాలుగైదుకు దిగింది. పొద్దున్నే దగ్గు, మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం. ఇవి వయసుతో వచ్చేవే అని నేను, కాదని మా ఆవిడ. పుణెలో ఉండే మా అబ్బాయి మధ్యలో దూరి ఏడు వేల చిల్లర పెట్టి ఆన్‌లైన్‌లో ఈ ప్యాకేజీ కొనేశాడు. "నాన్నా, డబ్బు కట్టేశాను, రిఫండ్ లేదు" అన్నాడు. మా ఇంట్లో రిఫండ్ లేదన్న మాటకున్న విలువ దేనికీ లేదు. వెళ్లాను.

రిసెప్షన్‌లో ఒక ఫారం నింపుతారు. ఇక్కడే మొదటి తిరకాసు. "రోజుకు ఎన్ని ప్యాకెట్లు అంకుల్?" అని అడిగింది ఆ అమ్మాయి. ఒకటిన్నర అన్నాను. ఒకటిన్నరను నలభై ఏళ్లతో హెచ్చవేసి 60 ప్యాక్ ఇయర్స్ అని రాసేసింది. ఫారం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఒక ప్యాక్ అంటే 20 సిగరెట్లు' అని ఉంది. నేను కొనేవి పది సిగరెట్ల ప్యాకెట్లు. అంటే నా లెక్క 30, అరవై కాదు. చూపిస్తే దిద్దింది, పాపం, విసుక్కోలేదు. ఈ అంకె ఉత్తుత్తిది కాదు. మీకు ప్రమాదం ఎంత, స్కాన్ అవసరమా కాదా అన్నది దీని మీదే తేలుస్తారు. బీడీలు తాగేవాళ్లకు ప్యాకెట్ల గొడవే లేకుండా మన దగ్గర డాక్టర్లు ఇంకో లెక్క వాడతారు: రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు, రెండూ హెచ్చవేయడం. అలా చూస్తే నాది 600. మూడు వందలు దాటితేనే గట్టి పొగరాయుడి కిందకి వస్తాడు.

ఆ ఫారంలో షుగర్ ఉందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అన్నీ అడిగారు. టీబీ వచ్చిందా అని మాత్రం ఎక్కడా లేదు. నాకు 1983లో వచ్చింది. ఏడాదికి పైగా మాత్రలు, మొదట్లో సూదులు కూడా. హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల ప్యాకేజీ అమ్మేవాళ్లు టీబీ గురించి అడగకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇది ఎంత పెద్ద లోపమో తర్వాత చెస్ట్ డాక్టరు చెబితే తెలిసింది.

స్కాన్ సంగతికొస్తే, వంక పెట్టడానికి ఏమీ లేదు. దీన్ని లో డోస్ సీటీ అంటారు. సూది లేదు, రంగు మందు ఎక్కించడం లేదు, పడుకుని చేతులు పైకి పెట్టి ఊపిరి బిగబడితే కొన్ని సెకన్లలో అయిపోయింది. రేడియేషన్ దాదాపు ఒకటిన్నర మిల్లీసీవర్టులు, మామూలు ఛాతీ సీటీకి ఏడు దాకా ఉంటుంది. టెక్నీషియన్ కుర్రాడు ముందే ఊపిరి బిగబట్టడం నాతో ప్రాక్టీసు చేయించాడు. "దగ్గు వస్తే ఇప్పుడే దగ్గేయండి అంకుల్, లోపల దగ్గితే బొమ్మ చెదిరిపోద్ది" అన్నాడు. ఈ ఒక్క మాటకే వాడికి ఐదో స్టారు.

ఊపిరి పరీక్ష, అదే స్పైరోమెట్రీ, ఇంకా బాగా చేశారు. గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క ఉదుటున ఊది, లోపల ఏమీ మిగలనంతవరకు ఊదుతూనే ఉండాలి. ఆ అమ్మాయి పక్కన నిలబడి "ఊదండి ఊదండి ఊదండి, ఆపొద్దు, ఇంకా ఇంకా" అని అరిచిన అరుపుకు బయట కూర్చున్న మా ఆవిడ లోపలికి తొంగి చూసింది. సరిగ్గా రాలేదని మళ్లీ చేయించింది. తర్వాత ఊపిరి గొట్టాలు తెరిచే మందు ఒక పఫ్ పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, ఇంకోసారి ఊదించింది. ఇలా పఫ్ తర్వాత కూడా ఊదించకపోతే ఆ పరీక్షకు సగం విలువే. కొన్నిచోట్ల ఈ రెండో ఊదుడు ఎగ్గొడతారు, అడగండి.

ఇక రిపోర్టు.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌కి మెసేజ్. యాప్ తెరిస్తే హోలీ. హిమోగ్లోబిన్ 17.2 ఎరుపు, తెల్ల కణాలు 11,400 ఎరుపు, ఈఎస్ఆర్, సీఆర్పీ ఎరుపు, సీఈఏ అనే ట్యూమర్ మార్కర్ 4.2 ఎరుపు. సీటీ రిపోర్టులో కుడి పై భాగంలో 7 మిల్లీమీటర్ల సాలిడ్ నాడ్యూల్, అంటే దట్టమైన చిన్న ముద్ద, దాని మీద అనుమానం ఎంతో చెప్పే నంబరు లంగ్-రాడ్స్ 3. పైన ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తిలో గాలి గదులు చితికిపోవడం. దాని కింద ఎపుడూ ఉండే వాక్యం, క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోవాలని, అంటే మనిషిని చూసి దీనితో పోల్చుకోవాలని. ఎవరు కోరిలేట్ చేస్తారు? రాత్రి తొమ్మిదిన్నరకు నేనూ మా ఆవిడా?

నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి పాత అలవాటు కొద్దీ రిపోర్టును ప్రూఫులా చదివాను. రెండు దొరికాయి. మొదటిది, సీఈఏ పక్కనే సన్నగా 'పొగ తాగనివారికి 3.0 లోపు, తాగేవారికి 5.0 లోపు' అని వాళ్లే వేశారు. నాది 4.2. నేను తాగేవాణ్ణని ఫారంలో వాళ్లే రాసుకున్నారు. అయినా యాప్ మాత్రం తాగనివారి లెక్క పట్టుకుని ఎర్ర రంగు పూసింది. ఒక మనిషిని రాత్రంతా కూర్చోబెట్టిన ఎరుపు అది. రెండోది ఇంకా ఘోరం. వివరంగా రాసిన చోట నాడ్యూల్ కుడి ఊపిరితిత్తిలో ఉంది, చివర ఇంప్రెషన్‌లో, అంటే సారాంశంలో, అదే నాడ్యూల్ ఎడమవైపు దూకింది. పేపర్లో అయితే మర్నాడు ఒక సవరణ వేసి ఊరుకుంటారు. ఇక్కడ రేపు ఎవరైనా ముక్క తీయడానికి సూది పెట్టాల్సి వస్తే ఎటు పెడతారు? పొద్దున ఫోన్ చేస్తే "టెంప్లేట్‌లో అలా వస్తుంది సార్" అంది కౌంటర్. రాసి పంపితే సాయంత్రానికి రేడియాలజిస్టు సంతకంతో దిద్దిన రిపోర్టు వచ్చింది. దిద్దారు, మంచిదే. కానీ కనిపెట్టాల్సింది నేనా?

ఆ దిద్దుబాటు రాకముందే ఇంకో ఫోన్ వచ్చింది. రిపోర్టు గురించి మాట్లాడటానికి డాక్టరేమో అనుకున్నాను. కాదు, సేల్స్. "సార్ మీకు అబ్‌నార్మల్ వచ్చింది, పెట్ సీటీ వెంటనే చేయించుకుంటే డిస్కౌంట్ ఉంది, స్లాట్ బుక్ చేయమంటారా?" పెట్ సీటీ అంటే చక్కెర లాంటి మందు ఎక్కించి, అది ఎక్కువగా చేరిన చోట వెలిగేలా తీసే స్కాన్. నా నాడ్యూల్ ఎంతుందని అడిగాను. ఆ అబ్బాయికి తెలియదు. లంగ్-రాడ్స్ 3 అంటే ఏమిటని అడిగాను. అదీ తెలియదు. స్లాట్ ఖాళీ ఉందని మాత్రం తెలుసు. ఆ ఒక్క స్టారు ఈ ఫోనుకే.

బర్కత్‌పురాలో ఒక చెస్ట్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ప్యాకేజీతో సంబంధం లేదు, విడిగా ఫీజు. ఏడు వేలు పెట్టి కొన్న కాగితాలకు అర్థం కావాలంటే ఆ ఫీజు తప్పదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఆయన ముందు రిపోర్టు పక్కన పెట్టి నా గోళ్లు చూశాడు, మెడ కింద తడిమాడు, బరువు తగ్గారా, కళ్లెలో రక్తం పడిందా, గొంతు మారిందా అని అడిగాడు. ఏవీ లేవు. తర్వాత టీబీ గురించి అడిగాడు. 1983 అనగానే "ఆ మాట ముందే చెప్పాల్సింది కదా వాళ్లకు" అన్నాడు. అడిగితే కదా అన్నాను.

తర్వాత సీడీ పెట్టి స్క్రీన్ మీద చూపించాడు. పై భాగంలో దారాల్లాంటి గీతలు పాత టీబీ మచ్చలు. మధ్యలో కొన్ని గ్రంథుల్లో సున్నం పేరుకుని తెల్లగా మెరుస్తోంది, అదీ దాని గుర్తే. ఆ ఏడు మిల్లీమీటర్ల చుక్క కూడా పాత ఇన్‌ఫెక్షన్ మిగిల్చిన ముద్ద కావచ్చు. నిండా సున్నం ఉంటే ఆయన అక్కడే వదిలేసేవాడట, కానీ దీనిలో లేదు. అంచు నున్నగా ఉంది, అది మంచి లక్షణం. ముళ్లు ముళ్లుగా ఉంటే అనుమానం పెరుగుతుంది. ఉన్న చోటు పై భాగం, పక్కన ఎంఫిసీమా, నలభై ఏళ్ల పొగ, ఇవి క్యాన్సర్ వైపు తూకం. దాపరికం లేకుండా రెండు వైపులా చెప్పాడు, అందుకే నచ్చాడు.

లంగ్-రాడ్స్ అనేది అమెరికా రేడియాలజీ కాలేజీ వాళ్ల వర్గీకరణ. సాలిడ్ నాడ్యూల్ మొదటి స్కాన్‌లో 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే 2, ఏడాదికి మళ్లీ స్కాన్. ఆరు నుంచి ఎనిమిది లోపు 3, ఆర్నెల్లకు స్కాన్. ఎనిమిది నుంచి పదిహేను లోపు 4ఏ, అక్కడ మూడు నెలలే. పదిహేను, ఆ పైన 4బీ, వెంటనే తేల్చుకోవాలి. మూడో నంబరులో క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి ఒకటి రెండు. "అంటే నూటికి తొంభై ఎనిమిది మందిలో మీరు ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఒకళ్లిద్దరిలో ఉంటే ఆర్నెల్లకు పట్టుకుంటాం, ఆలస్యం కాదు" అన్నాడు. సాలిడ్ క్యాన్సర్ ముద్ద సాధారణంగా మూడు నెలల నుంచి ఏడాది పైచిలుకులో రెట్టింపు పరిమాణం అవుతుందట, అందుకే మొదటిసారి చూసినదాని కన్నా, రెండోసారి పెరిగిందా లేదా అన్నదే అసలు సాక్ష్యం.

మరి పెట్ సీటీ? ఆయన నవ్వాడు. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని పెట్ నమ్మకంగా చూపించదు. చూపించినా, టీబీ ముద్ద కూడా అందులో వెలుగుతుంది, క్యాన్సర్ కూడా వెలుగుతుంది. మన దేశంలో ఆ వెలుగును చూసి తేల్చడం ఇంకా కష్టం. డిస్కౌంట్ స్లాట్ గురించి చెబితే ఏమీ అనలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు.

రక్తం సంగతి. ఎర్రగా ఉన్నవాటిని ఒక్క చూపు చూసి, నల్లగా ఉన్నవాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాడు. సోడియం, కాల్షియం, ప్లేట్‌లెట్లు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కొన్ని రకాల ఊపిరితిత్తి క్యాన్సర్లలో సోడియం పడిపోతుంది, కొన్నిటిలో కాల్షియం పెరుగుతుంది. నాకు నాలుగూ సరిగ్గా ఉన్నాయి. అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదని కూడా అన్నాడు, తేడా ఉంటే మాత్రం ఆర్నెల్లు ఆగేవాడు కాడు. హిమోగ్లోబిన్ ఎందుకు ఎక్కువంటే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఎర్ర కణాల్లో కొన్ని సీట్లు కబ్జా చేస్తుంది, ఆక్సిజన్ తగ్గిందని ఒళ్లు మరిన్ని కణాలు తయారుచేస్తుంది. తెల్ల కణాలు కూడా పొగ తాగేవాళ్లలో కాస్త ఎక్కువే ఉంటాయి. ఈఎస్ఆర్, సీఆర్పీ ఎక్కడ వాపున్నా పెరుగుతాయి, నాకు అప్పుడు దవడ పన్ను వాచి ఉంది. సీఈఏని ఊపిరితిత్తి క్యాన్సర్ వెతకడానికి వాడరు. ఉన్నవాళ్లలో చాలామందికి మామూలుగానే ఉంటుంది, లేని పొగరాయుళ్లలో పెరుగుతుంది. మహా అయితే చికిత్స మొదలైనవాళ్లకు పనికొస్తుంది. నా ప్యాకేజీలో ఇలాంటి మార్కర్లు మూడు అంటగట్టారు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె గురించి ఆ యాప్‌గానీ సేల్స్ కుర్రాడుగానీ ఒక్క ముక్క చెప్పలేదు. స్పైరోమెట్రీలో పఫ్ తర్వాత కూడా నా నిష్పత్తి 0.62. అంటే ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చే వాటా అది. 0.70 కన్నా తక్కువైతే సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. ఆ కాగితం పీడీఎఫ్‌గా వచ్చింది కాబట్టి యాప్‌కు రంగు పూయడం చేతకాలేదు. మందు కావాల్సిన జబ్బు నాకు ఇప్పుడు ఉన్నది అదొక్కటే. ఇన్‌హేలర్ రాశాడు, పీల్చే పద్ధతి కాంపౌండర్ చేత నేర్పించాడు. మూడో అంతస్తు ఆయాసం వయసుది కాదని తేలింది, ఆ కేసు మా ఆవిడ గెలిచింది.

పాత స్కాన్లు ఏమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగినప్పుడు నేను లేవన్నాను. మా ఆవిడ ఉందంది. 2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్‌లో ఊరంతా సీటీ స్కాన్లకు పరిగెత్తినప్పుడు నాకూ తీశారు. ఆ ఫిల్మ్ బీరువా మీద పెళ్లి ఆల్బమ్ కింద ఉంది. తెచ్చి చూపిస్తే అదే చోట ఏదో చుక్క ఉన్నట్టే ఉంది. కానీ ఫిల్మ్ మీద కొలవలేం, పొరలు మందంగా తీశారు, అప్పుడు సీడీ తీసుకోలేదు, తీసిన సెంటర్‌లో పాత డేటా లేదన్నారు. సీడీ ఉండి, అప్పుడూ అంతే ఉందని తేలితే కథ దాదాపు అయిపోయేది. సాలిడ్ నాడ్యూల్ రెండేళ్లు కదలకుండా ఉంటే దాన్ని నిశ్చింతగా వదిలేస్తారు. మీ ఇంట్లోనూ ఆ కాలపు స్కాన్ ఒకటి ఎక్కడో పడి ఉండే ఉంటుంది, వెతికి పెట్టుకోండి. ఏ సీటీ తీయించినా సీడీ అడిగి తీసుకోండి. ఈ సెంటర్ సీడీకి విడిగా డబ్బు తీసుకుంది, కోపమొచ్చినా ఇచ్చాను.

పెట్టిన డబ్బుకు తగినదేనా అంటే, ప్యాకేజీగా కాదు. లో డోస్ సీటీ ఒకటి, పఫ్‌తో స్పైరోమెట్రీ ఒకటి, సీబీపీ (రక్త కణాల లెక్క), సోడియం, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), అంతే విడివిడిగా చేయించుకుని, మిగిలిన డబ్బు చెస్ట్ డాక్టరు ఫీజుకు పెట్టండి. స్కాన్ కూడా అందరికీ కాదు. 2021లో అమెరికా వాళ్లు పెట్టిన నియమం 50 నుంచి 80 ఏళ్ల వయసు, 20 ప్యాక్ ఇయర్స్, ఇప్పటికీ తాగుతుండటమో మానేసి పదిహేనేళ్లు దాటకపోవడమో. అలాంటివాళ్లకు ఏడాదికోసారి. మన దగ్గర ప్రభుత్వం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేస్తుంది గానీ ఊపిరితిత్తులకు అలాంటిది లేదు. లాభం ఉన్న మాట నిజమే: 2011లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 53 వేల మందికి పైగా పొగరాయుళ్లను చూస్తే, ఎక్స్‌రే తీసినవాళ్ల కన్నా లో డోస్ సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తి క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో స్కాన్‌లో ఏదో ఉందని వచ్చినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదని తేలింది. ఆ రెండో అంకెను మెసేజ్‌తో పాటు పంపితే ఎంతమంది నిద్రపోయేవారో.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని మరిచిపోవద్దు. పాత టీబీ ఉన్నవాళ్లయితే మరీను. నాలుగైదు సిగరెట్ల సంగతి కూడా డాక్టరు వదల్లేదు, ప్యాకెట్ మీదే ఉంటుంది 1800-11-2356 అని, ఉచితం, ఫోన్ చేయమన్నాడు. చేశాను. ఈ ఊళ్లో నాకు ఏమీ అమ్మకుండా నా ఆరోగ్యం గురించి ఫోన్‌లో మాట్లాడింది వాళ్లే. ప్రస్తుతం ఒకటి, భోజనం తర్వాత.

ఆర్నెల్ల స్కాన్‌కు మళ్లీ అదే సెంటర్‌కు వెళ్తాను. ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పెరిగితేనే పెరిగినట్టు లెక్క. అంత చిన్న తేడా తేల్చాలంటే అదే మెషీను, అదే పద్ధతి ఉంటే తేలిక అన్నాడు డాక్టరు. ఈసారి స్కాన్ ఒక్కటే, ప్యాకేజీ వద్దు, ఫారంలో టీబీ నేనే రాస్తాను. ఫోన్ నంబరు అడిగితే మాత్రం మా అబ్బాయిది ఇస్తాను. డిస్కౌంట్లంటే వాడికి ఇష్టం.